ఏ ఫోనులోనూ లేని బోర్డు

ఈ సంగతి అప్పుడే రాసిపెట్టుకోవాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక నేర్చుకున్నాను.

ఊరంతా సాఫ్ట్‌వేర్ మాట మొదలైన రోజుల్లో, అమీర్‌పేటలో మూడో అంతస్తులో ఉన్న ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరులో అటెండరుగా చేరాను. బోరబండ నుంచి వచ్చి ఆరున్నరకు తాళం తీయాలి. ఒక బ్యాచ్ వెళ్ళి ఇంకొకటి వచ్చే పది నిమిషాల్లో గది ఊడ్చి, తెల్లబోర్డును తడిగుడ్డతో తుడవాలి. దీనికొక పద్ధతి ఉండేది. ఏ బల్ల మీదైనా తెరిచిన నోటుబుక్కు ఉంటే బోర్డు ముట్టుకోకూడదు. గుడ్డ పట్టుకుని నిలబడితే, "అక్కా, జర ఆగు!" అని వెనక బెంచీల నుంచి కేకలు వినిపించేవి.

నేను చేరిన ఏడేళ్ళకు, పిల్లల సెల్‌ఫోన్లలో కెమెరాలు వచ్చిన కొత్తలో, ఒకరోజు నాలుగు గంటల బ్యాచ్ అయిపోయింది. మూర్తి సారు పాఠం ముగించి, ఇంకో క్లాసుకని బండి మీద లక్డీకాపూల్ వెళ్ళిపోయారు. పిల్లలు మధ్య దారిలో ఒకరి వెనక ఒకరు నిలబడి ఫోన్లు ఎత్తి బోర్డుకు ఫోటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. ఆగమన్నవాళ్ళు లేరు. బల్లలు చూడకుండానే తుడిచేశాను.

అదే బ్యాచ్‌లోని స్వరూప లోపలికి వచ్చి అక్కడే ఆగిపోయింది. వాళ్ళన్న ఫోన్ చేస్తే మాట్లాడడానికి బయటికి వెళ్ళిందట. ఆమె నోటుబుక్కు మూడో బల్ల మీద తెరిచే ఉంది.

"అయ్యో అక్కా, తుడిచినవా? సగమే రాసుకున్న. రేపు పంజాగుట్టల ఇంటర్వ్యూ ఉన్నది, గిదే అడుగుతరన్నడు సారు!"

మూర్తి సారుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కిందికి పరుగెత్తి టీ బండి దగ్గరున్న ఆ బ్యాచ్ పిల్లలు కిరణ్‌నూ, సలీంనూ, ఇంకో నలుగురినీ పైకి తీసుకొచ్చాను.

"టెన్షన్ పడకండి, నా దగ్గర ఉంది," అని కిరణ్ ఫోను తీశాడు. చూసి, "ఏంటిది, మధ్యలో లైటే పడింది!" అన్నాడు.

"ట్యూబ్‌లైట్‌ను మస్తు తీసినవ్ భాయ్," అని నవ్వి సలీం తన ఫోను తీశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

ఆరు ఫోన్లలోనూ బోర్డు నడిమధ్య తెల్లటి వెలుగే ఉంది. మిగతా చోట అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పోనీ గుర్తున్నది చెప్పండి అంటే ఎవరికీ గుర్తులేదు. అరగంట కూడా కాలేదు ఆ పాఠం విని. చదువు రాని నా దగ్గర ఆ బోర్డు లేదు, చదువుకున్న ఆరుగురి దగ్గరా లేదు. అంతగా నేను ఎప్పుడూ నివ్వెరపోలేదు.

చివరికి స్వరూపే మార్కర్ తీసుకుంది. నోటుబుక్కులోని సగం బోర్డు మీద రాసి, "ముందు రెండు టేబుళ్ళు కలపాలె, అటెన్క..." అనుకుంటూ మిగతాది ఆలోచించింది. రెండుసార్లు వేలితో చెరిపి మళ్ళీ రాసింది. అది క్వెరీ అట. కంప్యూటరు టేబుళ్ళలో, అంటే పట్టికల్లో, దాచుకున్న వివరాలను మనం అడిగే ప్రశ్న. కిరణ్ ల్యాబులో కొట్టి చూశాడు, జవాబు వచ్చింది. వెంటనే ఆరుగురూ మళ్ళీ ఫోన్లు ఎత్తారు. ఈసారి సలీం ముందు లైటు ఆర్పాడు.

ఇంటర్వ్యూలో అదే అడిగారని రెండు రోజుల తర్వాత స్వరూప చెప్పింది. ఆ ఉద్యోగం రాలేదు కానీ, తర్వాతి నెలలో ఇంకోచోట వచ్చింది.

ఫోనుది తప్పని నేననను. ఇప్పుడు నేనూ ఫోనులో చూసి గుణింతాలు సరిచూసుకుంటాను, చూశాక చేత్తో రాస్తాను. ఆ పిల్లలు తర్వాత చదువుదామని ఫోటో తీసుకున్నారు, చదవలేదు. నేను ఏడేళ్ళు రోజూ ఆ బోర్డు ముందే నిలబడ్డాను, నేనూ చదవలేదు.

ఆ బోర్డు తుడిచేసిన మరునాడు పొద్దున, మొదటి బ్యాచ్ వెళ్ళాక బల్లలన్నీ ఒకటొకటిగా చూశాను. ఏ నోటుబుక్కూ తెరిచి లేదు. అయినా తుడవలేదు. పాత కాగితం ఒకటి తీసుకుని, బోర్డు మీది మొదటి వరుసలో మొదటి అక్షరాన్ని చూసి దింపాను. అది ఏ భాషదో నాకు తెలియదు. మిగతావీ అలాగే దింపి, వరుస పూర్తయ్యాక గుడ్డ తడిపి బోర్డు తుడిచాను.