పట్టాల కింద మంచు గోడ

హార్బరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో చాన్నాళ్లు పనిచేశాను. చేపల మీద వేసే ఐసు చేయడం తప్ప నాకు వేరే విద్య రాదు. అలాంటివాణ్ణి రైలు పట్టాల కింద నేలను గడ్డకట్టించడానికి పిలిచారు. పట్టాల అవతలికి జనం నడిచి వెళ్లే సొరంగం తవ్వాలి. కిందంతా నీళ్లూరే ఇసుక, తవ్వితే కూలిపోతుంది. అందుకని చుట్టూ గొట్టాలు దించి, ఐసుకన్నా చల్లటి ఉప్పునీళ్లు వాటిలో తిప్పితే, ఇసుకలోని నీరు గడ్డకట్టి గోడలా నిలబడుతుంది. సిమెంటు గోడ కట్టేదాకా ఆ మంచే కాపలా. నీళ్లు చల్లబరిచే మిషను దగ్గర నేను, లోపల తవ్వే ముఠాకి పెద్ద మా అక్క మొగుడు. మొదట దిగేది ఆయనే.

"నీ ఐసు నమ్మే పంపుతన్నాన్రా," అంది అక్క. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

బయట ఎండ మాడు పగలగొడుతుంటే గొట్టాల మూతుల మీద తెల్లటి నూగు పట్టేది. పైన గూడ్సుబళ్లు బొగ్గు మోసుకుంటూ నిదానంగా పోయేవి. మిషను హోరు వింటూ కూర్చుంటే మగతగా ఉండేది. నేల కింద ఉన్నానో, సముద్రం అడుగున ఉన్నానో తెలిసేది కాదు.

తవ్వే రోజు కొబ్బరికాయ కొట్టారు. ముందు గోడకి వేలంత కన్నం వేసి చూస్తారు, పొడిగా ఉంటేనే దిగాలి. కన్నంలోంచి ఒక్కో చుక్కా కారింది. ఆగమన్నాను. బావ ఆ నీళ్లు నాలుక మీద రాసుకున్నాడు. హార్బరు మనిషి కదా, ఏ నీళ్లయినా రుచి చూడందే వదలడు.

"సముద్రం నీళ్లే బామ్మర్దీ. రెండు సుక్కలకే పని ఆపేత్తావేటి?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నేనూ నాకి చూశాను. ఉప్పు తర్వాత నాలుక చివర చేదు తగిలింది. గొట్టాల నీళ్లలో కలిపే ఉప్పుకి ఉండే చేదు, ఫ్యాక్టరీలో ఎన్నోసార్లు నోట్లో పడ్డదే. బాబోయ్, అవి మా గొట్టాల్లో తిరిగే నీళ్లు! గొట్టం ఎక్కడో చిట్లింది. ఆ నీళ్లు పాకితే గోడ లోపల్లోపలే కరిగిపోతుంది.

"నువ్వు దిగితే కాళ్లిరగ్గొడతాను!" అని పెద్దంతరం చిన్నంతరం లేకుండా అరిచాను. ఇంజనీరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ కొలతల్లోనూ ఆ మూలే చల్లదనం తగ్గుతోందట. చిట్లిన గొట్టం మూయించి, పక్కన కొత్తది దించి మళ్లీ చల్లబెట్టాం. బావ నాతో మాట్లాడ్డం మానేశాడు.

ఈసారి కన్నం పొడిగా ఉంది. బావ దిగాడు. గునపం దెబ్బలు రాతి మీద పడ్డట్టు వినబడుతుంటే నేను మిషను వదిలి కదల్లేదు. చాలాసేపటికి లోపల్నించి కేక వచ్చింది.

"బామ్మర్దీ, ఓపాలి ఇలగ్రా!"

వెళ్లాను. నోట్లోంచి ఆవిరి వస్తోంది. గోడలో ఇసుకా, బుల్లి బుల్లి గవ్వలూ ఎక్కడివక్కడ ఆగిపోయి మెరుస్తున్నాయి. నెత్తిమీద రైలు పోయింది. ఒక్క రేణువు రాలలేదు. బావ నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. సందు దొరికితే నన్ను ఆటపట్టించే మనిషి, తన తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"పద, మీ అక్కకి ఫోన్ సేద్దాం," అన్నాడు.

బయటికొచ్చి ఫోను తీశాడు. నంబరు నొక్కబోతే మంచుకి కొయ్యబారిన ఆయన వేళ్లు ఆడలేదు. నేనే నొక్కి ఇచ్చాను.