నాలుగు వారాల ‘బాగుండాను’

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో నేను నర్సుగా ఉన్నప్పుడు, కాన్పయి నాలుగు నెలలైనా దిగులు వదలని ఒకామెను మదనపల్లె డాక్టరుకు చూపించాను. ఆయన చీటీలో మాత్రలు రాయలేదు, దిగులు తగ్గించే పాఠాలు వినిపించే ఒక యాప్ పేరు రాశాడు. ఆ చీటీ పట్టుకుని ఆమె అత్త మందుల షాపుకు పోయి, అది దొరకలేదని తిరిగొచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త వెంట టమోటా లారీలో తిరిగేది. అందుకని యాప్ నా ఫోనులోనే ఎక్కించారు.

ప్రతి మంగళవారం వెళ్లి పాఠం వినిపించి, చివర వచ్చే ప్రశ్న అడిగేదాన్ని.

“ఈ వారం ఎట్లుండావమ్మా?”

“బాగుండానమ్మా.”

నేను ‘బాగుంది’ నొక్కేదాన్ని. మాదీ ఈ పక్క కుప్పమే. జ్వరంతో మంచాన పడినా, పలకరించిన వాళ్లకు బాగుండామనే చెప్పే మనుషులం. అది తెలిసీ నొక్కాను. ఆమె తల దువ్వుకోవడం లేదు, బిడ్డ ఏడిస్తే అత్తే ఎత్తుకుంటోంది. అన్నీ చూస్తూనే ఉన్నాను. చూసింది రాయడానికి యాప్‌లో చోటు లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కేసు బాగుపడితే మెప్పు నాకే కదా.

వరసగా నాలుగు వారాలు బాగుందని వస్తే చికిత్స ఆపేయాలన్నది పైనుంచి వచ్చిన నిబంధన. ఐదో మంగళవారం ఫోను తెరిస్తే ఆమె పేరు లేదు.

ఫోను సంచిలో పెట్టేసి, ఆమె పక్కన కూర్చుని చేటలోని అనపకాయల గింజలు ఒలవసాగాను. అత్త పెరట్లోకి పోయాక ఆమె తలెత్తకుండా అంది. “బిడ్డను ఎత్తుకోవాలంటే భయంగా ఉండాదమ్మా.”

“ఇన్నాళ్లూ యాల చెప్పలేదు?”

“నువ్వు ఫోను పట్టుకుని అడుగుతాంటివి. పక్కనే మా అత్త ఉండె. బాగుండాననక ఏం చెప్పేది?”

మర్నాడే మదనపల్లె వెళ్లాను. పాత జవాబులు దిద్దడానికి వీల్లేదన్నారు. తప్పు నాదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. డాక్టరు ఆమె పేరు మళ్లీ ఎక్కించాడు, మా ఆఫీసు నాకు మెమో ఇచ్చింది. చికిత్సను ఇంటి గడపకు తేవడం మంచి ఆలోచనే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ నిబంధన రాసినవాళ్లు ఎన్నడూ అత్త ఎదుట కూర్చుని జవాబు చెప్పి ఉండరు.

తర్వాతి మంగళవారం, అత్త డెయిరీలో పాలు పోయడానికి వెళ్లే వేళ చూసుకుని వెళ్లాను. నేను ఇంకా అడగనే లేదు. ఆమె ఫోను వైపు చూసి నెమ్మదిగా చెప్పింది.

“ఈ వారం బాగలేదని నొక్కమ్మా.”