ఖాళీ నిమిషాలు

మూడో తరగతి పంతులమ్మను బడిలో అందరూ చాటుగా మొండిఘటం అనేవారు, ఎదురుగా మాత్రం "అక్కా" అని పిలిచేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆమె తరగతిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా పాఠం చదువుతూ మధ్యలో తడబడితే పక్కవాళ్ళు మాట అందించకూడదు. వాళ్ళంతట వాళ్ళు అనేదాకా అందరూ నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

"నీ క్లాసు పక్క నుంచి పోతుంటే నిద్ర ముంచుకొస్తుందక్కా," అనేవాడు డ్రిల్లు మాస్టారు.

"నువ్వు ఈల నోట్లో పెట్టుకుని ఎండలో నిలబడి కూడా నిద్రపోతావు కదరా తమ్ముడూ."

ఈ పద్ధతి ఆమెకు ఇంట్లో అబ్బింది. పక్షవాతం వచ్చి భర్తకు మాట పడిపోయింది. కొన్నాళ్ళకు ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. ఆయన నోరు తెరిస్తే చాలు, ఈమె నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చేది, లేకపోతే దుప్పటి కప్పేది. సేవంటే అదే అనుకుంది. ఒకనాడు ఆయన ఆ గ్లాసును విసురుగా తోసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె నేల తుడిచి, కుర్చీ లాక్కుని, మంచం పక్కనే కూర్చుంది. పొయ్యి మీద కూర మాడిన వాసన వస్తున్నా లేవలేదు. చివరికి ఆయన అన్నది "కిటికీ మూయి" అని. ఇన్నాళ్ళూ చలిగాలి ఆయన మొహాన కొడుతూనే ఉంది. ఆయన పోయాక ఆ ఇంట్లో మాటే లేకుండా పోయింది. ఎదుటివాళ్ళ మాట కోసం ఆగడం మాత్రం ఆమెకు మిగిలింది.

ఆ ఏడాది బళ్ళను కొలవడం మొదలుపెట్టారు. జీతాలకు పెట్టే డబ్బుకు తగ్గ చదువు వస్తోందా లేదా అని లెక్క. పైఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి తరగతి వెనక కూర్చుని, చేతిలో మిషను పెట్టుకుని, నిమిషానికోసారి మీట నొక్కుతాడు. పాఠం నడుస్తుంటే ఒక మీట, నడవకపోతే ఇంకో మీట.

ఆ మనిషి వచ్చే ముందురోజు హెడ్ టీచరు వచ్చి పంతులమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, రేపు దర్జీ కూతురు చెయ్యెత్తినా నువ్వు చూడనట్టుండు. అంతే, ఇంకేం అడగను."

దర్జీ కూతురికి నత్తి. ఏడాదంతా నోరు విప్పని పిల్ల, ఈమధ్యే చదువుతానని చెయ్యెత్తుతోంది.

"చూడనట్టుండటం నాకు చాతకాదమ్మా. కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి."

"నవ్వులాట కాదక్కా! ఖాళీ నిమిషాలు ఎక్కువైతే మన బడి జాబితాలో అట్టడుక్కి పోతుంది. ఒకళ్ళను తీసేస్తారు. ఎవర్నో నా నోటితో చెప్పించకు."

"చెప్పకు. వాళ్ళు రేపొచ్చి పోతారు. ఆ పిల్ల ఎల్లుండి కూడా నా ఎదురుగానే కూర్చుంటుంది. అప్పుడు నేనేం మొహం పెట్టుకుని చూడను?"

మర్నాడు దర్జీ కూతురు చెయ్యెత్తింది. పంతులమ్మ లేవమంది.

"వాన వెలిశాక కప్పలు..." అని ఆగింది పిల్ల. పెదవులు బిగుసుకున్నాయి. మెడ నరాలు తేలాయి. తరగతిలో ఎవరూ కదల్లేదు.

వెనకనున్నతను గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, పాఠం ఆగిపోయిందండీ."

"ఆగలేదు బాబూ, నడుస్తోంది."

"నా దగ్గర రెండే మీటలున్నాయి. ఎవరూ మాట్లాడకపోతే ఖాళీ అని నొక్కాలి."

"నొక్కండి."

"మీకే నష్టమండీ."

"నొక్కండి నాయనా. మీ పని మీరు కానివ్వండి, మా పని మేం చేసుకుంటాం."

గుమ్మంలో నిలబడ్డ హెడ్ టీచరుకు ఇక ప్రాణం ఆగలేదు. "బెకబెకమన్నాయి! అనవే తల్లీ, బెకబెక!" అంది.

తరగతి మొత్తం ఆమె మీద విరుచుకుపడింది. "అందించకూడదు టీచర్!"

పిల్ల మొహం చిన్నబోయింది. పంతులమ్మ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "పెద్దవాళ్ళు తొందరపడ్డారులే. నువ్వు మళ్ళీ మొదట్నుంచి అందుకో," అంది. మిషను మళ్ళీ టిక్కుమంది. ఇంకోసారి టిక్కుమంది. పిల్ల నెమ్మదిగా, చెమటలు కక్కుతూ, వాన దగ్గర్నుంచి కప్పల అరుపుదాకా మొత్తం తనే చదివింది.

బడి అట్టడుక్కే పోయింది. వచ్చే ఏడాది మూడో తరగతికి వేరే మనిషి వస్తుందని కబురొచ్చింది.

"చెప్పానా అక్కా?" హెడ్ టీచరు కళ్ళొత్తుకుంది.

"చెప్పావు. ఈ ఏడాది చివరిదాకా జీతమిస్తారుగా?"

"ఇస్తారు. కానీ ఇకనుంచైనా కాస్త వాళ్ళు చెప్పినట్టు..."

"అయితే ఏడాది చివరిదాకా ఈ గది నాది. పీకేసేదాన్ని ఇంకేం చేస్తారు, రెండుసార్లు పీకేస్తారా?"

గంట కొట్టారు. ఆమె కొంగు దోపుకుని తరగతిలోకి నడిచింది. అప్పటికే దర్జీ కూతురు పుస్తకం తెరిచి, ఎవరూ పిలవకుండానే లేచి నిలబడి ఉంది.