తెర మీది సముద్రం

మా మేనత్తకి ఊళ్లోవాళ్లు పెట్టిన పేరు కదలొద్దమ్మ. ఆమె ఫొటో స్టూడియోలో స్టూలెక్కి కూర్చున్న ప్రతివాళ్లకీ మొదట చెప్పే మాటా, చివర చెప్పే మాటా అదే. చంటిపిల్లలకీ అదే, పోలీసు ఇన్‌స్పెక్టరుకీ అదే. తను మాత్రం ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. సెలవు దొరికితే చాలు, కెమెరా సంచీ, ముక్కాలి స్టాండూ నా కారు డిక్కీలో పడేసి "పదవే" అనేది. ఎక్కడికని అడిగే పనే లేదు. సముద్రం ఒడ్డునున్న పాత రోడ్డుకే.

లోపలివైపు పెద్ద రహదారి పడ్డాక ఆ రోడ్డు సంగతి అందరూ మర్చిపోయారు. తారు లేచిపోయింది, ఇసుక ఎగదన్నుకొచ్చింది. ఎదురుగా ఒక్క బండి వస్తే డ్రైవర్లిద్దరం చుట్టాల్లా పలకరించుకుంటాం. ప్రతి మలుపు దగ్గరా అత్త ఆపమంటుంది. దిగి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంది. "ఇది కాదు" అంటుంది. అయినా వచ్చిన శ్రమ ఊరికే పోకుండా ఒక ఫొటో తీస్తుంది. అలా తీసినవే స్టూడియో గోడల నిండా ఉన్నాయి. కొన్ని చాలా బాగుంటాయి. ఎవరైనా మెచ్చుకుంటే అత్త మొహం పెట్టే తీరు చూడాలి, అడిగిన కూర కాకుండా వేరే కూర వడ్డించినట్టు.

ఆమె వెతికేది స్టూడియోలో స్టూలు వెనక వేలాడే తెరని. మా తాత చేత్తో వేసిన బొమ్మ అది. ఎడమవైపు సముద్రం, కుడివైపు గుట్ట, మధ్యలో వంపు తిరిగిన రోడ్డు. నీళ్లంచున మూతి ముడుచుకుని కూర్చున్న ముసలమ్మలాంటి బండ. రోడ్డు మీద, బొటనవేలంత ఎత్తున, గొడుగు పట్టుకుని నడుస్తున్న ఆడమనిషి. "అది మీ అమ్మేనే. ఫొటో తీసి మరీ వేశాను" అని తాత అత్తకి చెప్పాడట.

నానమ్మ పోయేనాటికి అత్తకి ఊహ తెలియదు. ఊరందరినీ ఫొటోలు తీసిన ఇంట్లో నానమ్మ ఫొటో ఒక్కటీ మిగల్లేదు. పాత ఫిల్ములన్నీ ఒక వానాకాలం చెమ్మకి బూజు పట్టిపోయాయి. అత్తకి తల్లి అంటే ఆ బొటనవేలంత బొమ్మే.

మా నాన్న దాన్ని కూడా దక్కనివ్వలేదు. ఆయన స్టూడియో పక్కగదిలో గడియారాలు బాగుచేస్తాడు. ఒకరోజు కంటికి బిగించుకున్న భూతద్దంతోనే వచ్చి తెర ముందు వంగి చూశాడు.

"అమ్మది ఎడమచేతి వాటం చిట్టీ. గరిటైనా, సూదైనా, చీపురైనా ఎడమచేత్తోనే. నాకు బాగా గుర్తు. ఈవిడేమో గొడుగు కుడిచేత్తో పట్టుకుంది. నాన్న ఏదో ఊహించి వేశాడంతే. ఆ చోటూ లేదు, ఆ మనిషి అమ్మా కాదు."

"ఉంది. చూపిస్తాను" అంది అత్త.

అప్పట్నుంచీ అన్నాచెల్లెళ్లకి అదే రభస. తెర కుట్లు ఊడుతున్నా, రంగు పెచ్చులు రాలుతున్నా అత్త దింపనివ్వలేదు. అసలు చోటు ఫొటో తీసి, తెరంత పెద్దది చేయించి, తగిలించాకే దీన్ని దింపుతానని పట్టు పట్టింది. నిజం చెప్పొద్దూ, నాకు విసుగొచ్చేది. వెళ్లేటప్పుడు ఆ గతుకుల్లో నడుము పడిపోయేది కాబట్టి, తిరిగొచ్చేటప్పుడు నేను పెద్ద రహదారి ఎక్కేదాన్ని. అత్త కూడా కాదనేది కాదు. సముద్రం ఎడమవైపు కనిపించేది వెళ్లేటప్పుడే కదా, వచ్చేటప్పుడు ఆ రోడ్డు మీద ఏం పని?

ఈమధ్య పాల వ్యాను నడిపే ఒకాయన లైసెన్సు ఫొటోకి వచ్చాడు. తెరకి ఎదురుగోడ మీద నిలువుటద్దం ఉంది. అందరూ తల దువ్వుకునేది అందులోనే. ఆయన దువ్వెన జుట్టులో ఉండగానే ఆగిపోయాడు.

"ఇది మా అలిగిన బామ్మ మలుపు కదండీ!" అన్నాడు అద్దంలోకే చూస్తూ. "ఆ బండకి మేం పెట్టుకున్న పేరది. రోజూ పాలేసుకుని ఈ ఊరికి ఆ దారినే వస్తాను."

వెనక్కి తిరిగి తెరని చూశాడు. మొహం చిన్నబోయింది. "కాదులెండి, పొరబడ్డాను. మాకు సముద్రం కుడిపక్కనుంటుంది."

అత్త కెమెరా వదిలేసి అద్దం ముందుకొచ్చి నిలబడింది. అద్దంలో సముద్రం కుడివైపు ఉంది. గొడుగు ఎడమచేతిలో ఉంది.

ఆమె అద్దం ముందు నుంచి కదలకపోయేసరికి ఆయన కంగారుపడ్డాడు. "నేనేమైనా తప్పు మాట్లాడానా అమ్మా?"

"మీరు కాదు బాబూ, తప్పు మా నాన్నది!" అంది అత్త. నవ్వుతోంది, పైట చెంగుతో కళ్లొత్తుకుంటోంది. "ఫిల్ము తిరగేసి పెట్టాడు!"

నా బుర్రకెక్కలేదు. అత్తే విడమర్చి చెప్పింది. తాత చీకటిగదిలో ఫిల్ముని మెషిన్లో పెట్టి, గోడకి కట్టిన గుడ్డ మీద బొమ్మ పెద్దదిగా పడేలా చేసి, బొగ్గుతో గీతలు గీసుకుని, తర్వాత రంగులు వేసేవాడట. ఫిల్ముకి ఒకవైపు మెరుపుంటుంది, రెండోవైపు మసకగా ఉంటుంది. అటుదిటు పెడితే కుడిఎడమలు తారుమారు. పని నేర్చుకునే రోజుల్లో అత్త కూడా ఇలాగే బట్టలకొట్టాయన పాపిడిని ఈ పక్కనుంచి ఆ పక్కకి మార్చేసి, తాత చేత నానా చివాట్లూ తింది.

"మరి తాతకి తర్వాతైనా తెలిసుండదా అత్తా?"

"తెలియకేం! ఆ చోటెక్కడ నాన్నా అని అడిగినప్పుడల్లా నీళ్లు నమిలేవాడు. నన్నన్ని తిట్లు తిట్టిన మనిషి, తనూ అదే చేశానని ఏ నోటితో చెప్తాడు?"

మర్నాడు అత్త నాన్న కొట్టు ముందు నిలబడి, షట్టరు తనే సగం లాగేసింది. "కారెక్కు అన్నయ్యా." నాన్న గొణుక్కుంటూ వెనకసీట్లో కూర్చున్నాడు. ఒళ్లో కెమెరాకి ఎండ తగలకుండా పట్టే నల్లగొడుగు పెట్టాం. ఈసారి వెళ్లడం పెద్ద రహదారి మీద, రావడం పాత రోడ్డు మీద.

ఆపమని అత్త చెప్పే పని లేకపోయింది. మలుపు తిరగ్గానే నా కాలే బ్రేకు మీద పడింది. కుడివైపు సముద్రం, ఎడమవైపు గుట్ట, మూతి ముడుచుకున్న బామ్మ. వెళ్లేటప్పుడు అటునుంచి చూస్తే అది ఉత్త బండే. రోడ్డు అంచు కాస్త కోసుకుపోయింది గానీ వంపు అదే.

అత్త ఏడుస్తూ కూర్చోలేదు. స్టాండు నిలబెట్టింది, జరిపింది, మళ్లీ జరిపింది. మబ్బు అడ్డొచ్చింది. "పోనీ తీసెయ్యి, ఏదో ఒకటి" అన్నాడు నాన్న. "ఇన్నేళ్లు తిరిగింది ఏదో ఒకటి తీయడానికి కాదు" అని ఆమె అక్కడే రాయి మీద కూర్చుంది. నాన్న ఆ రోడ్డునే చూస్తూ నిలబడ్డాడు.

ఎండ వచ్చింది. అత్త కెమెరాలోకి చూసి, "రోడ్డు బోసిగా ఉందే" అంది మెల్లగా, నాతో.

నాన్న కారు దగ్గరికి వెళ్లి గొడుగు తీశాడు. విప్పి, రోడ్డు మీదికి నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. గొడుగుని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. అలవాటు లేని చెయ్యి, పైగా గాలి. గొడుగు తూలిపోతోంది. అయినా చెయ్యి మార్చలేదు. అలాగే వంపుదాకా నడిచాడు.

అత్త మళ్లీ కెమెరాలోకి వంగింది. ఆమె గొంతు అలల మోత మీదుగా ఖణేల్మంది.

"అన్నయ్యా, కదలొద్దు!"

ఆమె చాలనేదాకా నాన్న కదల్లేదు.