పిసినారి రైఫిలు, మా వదిన నవ్వు

మా వదిన తుమ్మునైనా కాసేపు ఆపుకోగలదు గాని నవ్వును మాత్రం ఆపుకోలేదు. నవ్వు నాలుగు విధాల చేటని వాళ్ల నాన్న చిన్నప్పటినుంచీ మొత్తుకునేవాడట. ఆ నాలుగూ ఏమిటో చెప్పు నాన్నా అని అడిగి, ఆయన వేళ్లు మడుస్తూ ఆలోచిస్తుంటే ఆ అవస్థ చూసి మళ్లీ నవ్వేదట.

ఆమె పని బేకరీలో, కేకుల మీద పేర్లు రాయడం. క్రీము సంచి చేతపట్టిందంటే ఊపిరి బిగబట్టి, నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని రాయిలా నిలబడిపోతుంది. చివరి అక్షరం పూర్తయిందో లేదో, ఎందుకో ఏమో, ఫక్కున నవ్వుతుంది.

బేకరీ వెనక సందులో, పాత ఈతకొలను భవనం కింది అంతస్తులో రైఫిల్ క్లబ్బు ఉంది. వాళ్ల వార్షికోత్సవానికి కేకు పట్టుకెళ్లిన వదినతో, అక్కడ నేర్పే మాస్టారు మర్యాదకోసం "ఒకసారి కాల్చి చూస్తారామ్మా?" అన్నారు. వదిన చాప మీద బోర్లా పడుకుని, క్రీముతో రాసేటప్పటిలాగే ఊపిరి బిగబట్టి కాల్చింది. గుండు నల్లచుక్క మధ్యలో దూరింది. రైఫిలును జాగ్రత్తగా పక్కన పెట్టి, అదే చాప మీద ముఖం దాచుకుని భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వింది.

ఆ మరుసటి వారమే క్లబ్బులో చేరిపోయింది. ఒక్కతే వెళ్లడం ఇష్టంలేక ఆడపడుచునని నన్నూ లాక్కుపోయింది. బస్సు డ్రైవరైన మా అన్నయ్య మమ్మల్ని ఎగాదిగా చూసి, "అయితే ఇకనుంచి ఈ ఇంట్లో నేను నోరెత్తకూడదన్నమాట" అన్నాడు.

మంచి రైఫిళ్లన్నీ పాతవాళ్లు పంచేసుకోగా, వదిన వంతుకు మిగిలింది ఎవరూ ముట్టుకోనిది. సన్న తూటాలు కాల్చే పాత బోల్టు రైఫిలు. గురికి తిరుగులేదు. కాల్చాక ఖాళీ డొప్పను మాత్రం వదిలేది కాదు. గొట్టం వెనక గడియలాంటి ఆ బోల్టును వెనక్కి లాగితే డొప్పను పట్టి బయటికి ఈడ్చుకురావలసిన చిన్న కొక్కెం ఉత్త చేతులతో తిరిగొచ్చేది. డొప్పదేమో లోపల ఉడుంపట్టు. ఇక బోల్టు ఊడదీసి, గొట్టం ముందునుంచి సన్నటి కడ్డీతో పొడిస్తేగాని అది రాలేది కాదు. మింగింది కక్కదు గనక దానికి వదిన 'పిసినారి' అని పేరు పెట్టింది.

"మాస్టారూ, పిసినారి మళ్లీ పిడికిలి బిగించింది!" అని ఆమె అరవడం, అందరూ కాల్చడం ఆపి నవ్వడం రోజూ ఉండేదే. మాస్టారు మాత్రం నవ్వేవారు కాదు. ఆయన నవ్వగా చూసినవాళ్లు క్లబ్బులో లేరు.

"కొక్కెం అరిగిపోయిందమ్మా" అని ఆయన కొత్తది తెప్పించి బిగించారు. పిసినారి మారలేదు. తూటాలు వేరే రకం వాడి చూశాం. ఒక పూట బుద్ధిగా ఉండి, మళ్లీ మొదటికొచ్చింది. వదిన గొట్టాన్ని తుడిచిందే తుడిచింది. మురికి వదిలించే మందులో ముంచిన గుడ్డపీలికలు తెల్లగా పోయి తెల్లగానే వచ్చేవి. లోపల అద్దంలా మెరిసేది. అయినా డొప్ప కదిలేది కాదు.

ఇంతలో పక్క ఊరి క్లబ్బుతో జంటల పోటీ ఖాయమైంది. నేనూ వదినా ఒక జంట.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం క్లబ్బు బల్ల మీద రైఫిలు పరిచి ముగ్గురం కూర్చున్నాం. మాస్టారు బోల్టు తీసి, లోపల ఏమీ లేదని కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి మరీ ఇచ్చారు. వదిన అప్పుడే పొడిచి తీసిన డొప్పను కిటికీ వెలుగులో తిప్పితిప్పి చూస్తూ, "అమ్మాయ్, దీని మెడ చూడు" అంది.

డొప్ప మూతికి కాస్త కింద, చుట్టూ గీరుకుపోయిన నల్లటి చార.

"మా బేకరీలో ఓ గిన్నె ఉంది. అందులో ఎప్పుడూ పొట్టి కేకులే కాల్చి, పైన మాడిన చారను ఎవరూ తోమలేదు. ఓ రోజు నిండుగా పోసి కాలిస్తే, ఆ చార దగ్గర పట్టుకుని కేకు రానంటే రానంది" అంటూ నవ్వడం మొదలుపెట్టింది.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "పొట్టివి! అయ్యో, పొట్టి తూటాలు! కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేనే ఏళ్ల తరబడి దీంట్లో పొట్టి తూటాలు కాల్పించాను. వాటి మూతి ముందు మసీ, మైనమూ, సీసమూ పేరుకుపోయుంటాయి. మనం కాల్చే పొడుగు తూటా పేలగానే డొప్ప ఉబ్బి దానికి కరుచుకుంటోంది!"

"మరి ఇన్నాళ్లూ తోమాం కదా?" అన్నాను.

"తోమింది గొట్టాన్ని. తూటా కూర్చునే గది గొట్టంకన్నా ఓ వెంట్రుకవాసి వెడల్పు. మన బ్రష్షు దాని గోడలకు ఆనకుండానే దాటిపోతోంది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. ఒక సైజు పెద్దదైన కంచు తీగల బ్రష్షును మందులో తడిపి, వెనకనుంచి ఆ గదిలో పెట్టి, మురికి కాస్త నానాక వదిన మెల్లగా మెలితిప్పింది. తర్వాత దూర్చిన గుడ్డపీలిక బొగ్గులా వచ్చింది.

"అమ్మో, అమ్మో!" అని వదిన గంతేసింది. రెండోది మరీ నలుపు. దాన్ని బహుమతిలా ఎత్తి చూపించింది. పీలిక నల్లగా వచ్చినకొద్దీ మా ఇద్దరికీ నవ్వు ముదిరిపోయింది. చివరికి బూడిదరంగు, ఆపైన తెలుపు. మాస్టారు కొక్కెం కింద పళ్లు కుట్టుకునే పుల్ల పెట్టి గీకితే సన్నటి ఇత్తడి రజను కూడా రాలింది. పొడిగుడ్డతో మందంతా తుడిచి, బోల్టు బిగించి, కాల్చే గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్లాం.

వదిన కాల్చింది. బోల్టు లాగింది. టింగ్! డొప్ప గాల్లోకి ఎగిరి, వంగి చూస్తున్న మాస్టారి చొక్కా కాలరులో పడింది. అది వేడివేడిగా ఉంది. ఆయన చొక్కా దులుపుకుంటూ ఒంటికాలి మీద గెంతుతూ, "వదిలింది! పిసినారి వదిలిందమ్మా!" అని అరిచి, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వారు. గోడ పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత మేం గురి సంగతే మరిచి, డొప్పలు ఎగరడం చూడ్డానికే వంతులవారీగా కాల్చాం.

పోటీనాడు హాలంతా సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. వదిన మొదటి గుండు నడిమధ్యన తగిలింది. బోల్టు లాగింది. డొప్ప టింగుమని ఎగిరి, పక్క చాప మీద పడుకున్న అవతలి క్లబ్బు ఆవిడ జడలో చిక్కుకుంది. ఆవిడ గురి చూస్తూ కదలకుండా, "ఏదో వాలినట్టుంది, తోలండి" అని గుసగుసలాడింది.

అంతే. వదిన రైఫిలు కింద పెట్టేసింది. నేనూ పెట్టేశాను. కారణం తెలియకపోయినా ఆవిడా మొదలుపెట్టింది. నవ్వు ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. "నిశ్శబ్దం!" అన్న న్యాయనిర్ణేత గొంతు మధ్యలోనే కీచుమంది. ఆయన గడియారం ఆపేసి, వెనక్కి తిరిగి కాసేపు గోడను చూస్తూ ఉండిపోయాడు. భుజాలు కదులుతూనే ఉన్నాయి.

తిరిగి మొదలయ్యాక పిసినారి ఒక్క డొప్పనూ దాచుకోలేదు. తడబడింది నేనే. చివరి గుండుకు ముందు 'ఏదో వాలినట్టుంది' గుర్తొచ్చి నా గురి పక్కకు జారింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

జడావిడ వదిన చేతులు పట్టుకుని ఊపేస్తూ, "మా క్లబ్బులోనూ ఇలాంటి మొండిదొకటుందమ్మా. ఓసారి వచ్చి చూడకూడదూ?" అంది.

"రేపే వస్తాను!" అంది వదిన, ఏదో పేరంటానికి పిలిచినట్టు.

బయట అన్నయ్య మాకోసం నిలబడి ఉన్నాడు. మెట్లు దిగలేక ఒకరినొకరు పట్టుకుని వస్తున్న మమ్మల్ని చూసి ముఖం విప్పార్చి, "గెలిచారన్నమాట!" అన్నాడు.

"లేదండీ, ఓడిపోయాం" అంది వదిన. అనలేక అనలేక అని, మెట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుంది.

అన్నయ్య మా ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "ఓడితేనే ఇలా ఉంటే, గెలిచుంటే మిమ్మల్ని ఇంటికి ఎలా చేర్చేవాణ్ణర్రా!" అన్నాడు.