మా వీధి చీరలకు కిరాయి ఇల్లు

నేను బడికి పోలేదు. గద్వాలల మా ఇంట్లనే నాయన మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిండు. మిగతాదంతా ఫోన్‌ల చూసి నేర్చుకున్న. ఆ నేర్చుకున్నదాంతోనే మా వీధి నేతగాళ్ల చీరలకు ఒక వెబ్‌సైట్ చేసిన. నాకు ఇంత తెలివి ఇచ్చినందుకు జమ్ములమ్మ తల్లికి రోజూ దండం పెట్టుకుంట.

వెబ్‌సైట్ ఉండడానికి ఒక చోటు కిరాయికి తీసుకోవాలె. దాన్నే హోస్టింగ్ అంటరు. నేను అన్నిట్ల అగ్గువది తీసుకున్న. అది ఎట్లాంటి చోటో అడగలే.

పోయిన ఎండాకాలం పక్కింటి వదిన మగ్గం మీంచి ఒక ఆకుపచ్చ చీర దిగింది. నూలు ఒంటికి పట్టు అంచు కలిపిన చోటు వేలితో తడిమినా తెల్వదు. నాగర్‌కర్నూల్ టీచరమ్మ ఒకామె బిడ్డ పెండ్లికి చీర వెతుకుతున్నది. సాయంత్రం లోపల సైటుల చూసి చెప్తమని, కుదరకపోతే వేరేచోట కొంటమని అన్నది. ఈ చీర అమ్ముడుపోతేనే వదిన ఇంకో చీరకు పట్టు తెచ్చుకునేది.

నేను పేజీ తెరిస్తే చీర కనబడదు, ఫోన్‌ల చక్రం తిరుగుతనే ఉన్నది. వదిన నా పక్కనే కూసున్నది.

"ఏంది పిల్లా, మా మగ్గమే నయం గద, తొక్కితే కదులుతది."

వనపర్తిల కంప్యూటర్ దుకాణం నడిపే మా మేనబావకు ఫోన్ చేసిన.

"ఏం మరదలా, ఇయ్యాల యాదికొచ్చిన్నా?"

"పరాచికాలు తర్వాత బావా. సైటు కదుల్తలేదు. జర చూడు."

బావ ఓపికగ చెప్పిండు. నేను తీసుకున్నది షేర్డ్ హోస్టింగ్ అంట. ఒక ఇంట్ల పది కాపురాలు, నల్లా ఒకటే. ఒకరు డ్రమ్ములు నింపుకుంటే మిగతావాళ్లకు సన్నటి ధారనే. వీపీఎస్ అంటే అదే ఇంట్ల గోడ పెట్టిన వాటా, మన ట్యాంకు మనకే. డెడికేటెడ్ అంటే ఇల్లంత మనదే, బూజు దులిపేది గూడ మనమే. క్లౌడ్ అంటే ఎన్నో ఇండ్లు కలిపినట్టు. చుట్టాలొస్తే ఇంకో అర్ర తీసుకోవచ్చు, వాళ్లు పోయినంక వదిలేయొచ్చు.

"అయితే ఇల్లంత తీసుకుంట బావా" అన్న, రోషంగ.

"ఆగు. డ్రమ్ములు నింపేది ఎవరో చూడనీ." కాసేపటికి పకపక నవ్విండు. "నువ్వే గదనే! ఒక్క చీరకు నలభై ఫోటోలా? అవి గూడ గోడంతవి!"

నిజమే. మా దగ్గర చీర చూపించడమంటే ముందు, వెనక, అంచు కలిసిన చోటంత జానెడు జానెడు తిప్పి చూపడం. లేకుంటే ఏదో దాస్తున్నరనుకుంటరు. సైటుల గూడ అట్లనే పెట్టిన, ప్రతి చీరకు. సిగ్గైంది. నా మూలంగ తక్కిన కాపురాలు ఎంత తిప్పలు పడ్డయో!

చీరకు ఆరు ఫోటోలే ఉంచి, వాటిని బావ చెప్పినట్టు చిన్నగ చేసిన. పేజీ టక్కున తెరుచుకున్నది. పెండ్లిళ్ల సీజన్ల జనం ఎక్కువైతే క్లౌడ్‌కు మారుదమన్నడు బావ. అప్పటిదాంక ఉన్నచోటనే చాలు.

దీపం పెట్టే యాళకు టీచరమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ ఆకుపచ్చది మా బిడ్డకే ఉంచుండ్రి."

వదిన కొంగుతో మొహం తుడుచుకున్నది. తర్వాత, "వచ్చే చీరకు ఏ రంగు పెడదమే?" అని అడిగింది. మగ్గం సంగతి వదిన నన్ను అడగడం అదే మొదలు. నేను పసుపు అన్న.