రెండో పడవలో ముందు చోటు

దయ్యాలు, గాలి, ధూళి అంటూ కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ అంతే. మా నాన్నయితే అలాంటి కథలు మొదలుపెట్టిన చుట్టాలకి రెండో కాఫీ ఇవ్వనిచ్చేవాడు కాదు. పైగా నేను సైన్సు టీచర్‌గా చేసి రిటైరైనదాన్ని. కాబట్టి ఇది చదివి, ఈవిడ కూడా ఆ బాపతే అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

డెబ్బయ్యో దశకం మధ్యలో మాట. విజయవాడలో ఒక స్కూల్లో ఆరో తరగతికి క్లాస్ టీచర్‌ని. ఆ ఏడు చలికాలంలో పిల్లల్ని ఎక్కడికైనా విజ్ఞానయాత్రకి తీసుకెళ్దామనుకున్నాం. పిల్లలకేమో పులులుండే నేషనల్ పార్కు చూడాలని ఉబలాటం. వాళ్ళ పాఠంలో బొమ్మ ఉంది మరి. హెడ్మాస్టరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలి, పులులొద్దు, కొంగలు చాలన్నారు. అలా కొల్లేరు ఖాయమైంది.

పులి పోయిందని మిగతావాళ్ళు మొహాలు వేలాడేసుకుంటే, వేణుగోపాల్ ఒక్కడే ఎగిరి గంతేశాడు. వాడికి పక్షుల పిచ్చి. స్కూలు వేపచెట్టు మీద వాలే ప్రతి పిట్టా వాడికి చుట్టమే. మాటతీరు కూడా వేరు. హాజరు పిలిస్తే అందరూ 'ప్రెజెంట్ టీచర్' అంటారు, వీడు మాత్రం 'ఉన్నానండీ' అనేవాడు. వాళ్ళమ్మ అలా నేర్పింది. క్లాసంతా వాణ్ణి 'ఉన్నానండీ' అనే పేరు పెట్టి ఏడిపించేది. ఎంత ఏడిపించినా మానలేదు వెధవ.

యాత్ర పనులన్నీ వాడే నెత్తినేసుకున్నాడు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఎక్కడ ఆపాలి, పులిహోర ఎవరు తేవాలి, పెరుగన్నం ఎవరు తేవాలి, అన్నీ వాడికే కావాలి. నేను ముందుగా ఓ ఆదివారం వెళ్ళి మూడు పడవలు మాట్లాడి వస్తే, ఎవరు ఏ పడవలో ఎక్కడ కూర్చోవాలో నల్లబల్ల మీద గీసి చూపించాడు. రెండో పడవలో ముందు చోటు మాత్రం తనకే ఉంచుకున్నాడు. అక్కణ్ణించైతే గూడబాతు నోరు తెరిచి చేపని మింగడం కనబడుతుందట.

వారం రోజులుందనగా వాళ్ళమ్మ స్కూలుకొచ్చింది. గవర్నర్‌పేటలో వాళ్ళది ఇనప సామాన్ల కొట్టు. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోతే, దక్కినవాడు వీడు. పన్నెండేళ్ళు నిండేదాకా జలగండం ఉందని జాతకంలో రాశారని, పంపనని చెప్పింది. పిల్లాడు కాలవ చూడకుండా చుట్టూ తిప్పి రిక్షాలో బడికి పంపిస్తుందని నాకప్పుడే తెలిసింది.

నేను ఊరుకుంటానా! నీళ్ళు నడుము లోతే ఉంటాయనీ, పడవవాళ్ళు పుట్టిందే ఆ నీళ్ళలో అనీ, జాతకాలు పట్టుకు కూర్చుంటే పిల్లాడు గడప దాటడనీ గట్టిగానే వాదించాను. ఆవిడకి కోపమైనా రాలేదు. అదే నాకు ఇంకా మంటెక్కించింది.

"మీకు నలభై మంది ఉన్నారండీ టీచర్ గారూ. నాకు వీడొక్కడే," అంది.

నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

వాడు అన్నం మానేసి ఏడ్చాడట. చెప్పకుండా పారిపోయి బస్సెక్కేస్తాడేమోనని భయపడి, యాత్ర ముందురోజే మైలవరం దగ్గర పల్లెలో ఉన్న అన్నగారింటికి పంపేసింది. అది మెట్ట ప్రాంతం. కాలవల్లేవు, చెరువు ఎండింది, తాగే నీళ్ళకే కటకట. వాడికి అంతకంటే క్షేమమైన చోటు మరొకటి లేదనుకుంది పాపం.

కొల్లేరులో రెండో పడవ ముందు చోటు కోసం పిల్లలు కొట్టుకోబోయారు. ఆ చోటు ఎవరికీ లేదు పొమ్మని, మంచినీళ్ళ క్యాను పెట్టించాను. నేను అదే పడవలో వెనక కూర్చున్నాను. అప్పటికి ఎండ బాగా ఎక్కింది. గుర్రపుడెక్క మధ్య కాస్త ఖాళీ నీళ్ళున్న చోట మూడు పడవలూ పక్కపక్కన ఆపించి, అందరూ ఉన్నారో లేదో చూద్దామని హాజరు పిలిచాను. పేర్లు నాకు కంఠతా వచ్చు. ఆ ఊపులో 'వేణుగోపాల్' అనేశాను. నాలుక కరుచుకునేలోపే జవాబొచ్చింది.

"ఉన్నానండీ."

క్యాను ఉన్న వైపు నుంచి వచ్చింది. ఎవడో వెటకారం చేశాడనుకుని, వీపు చీరేస్తానని కేకలేశాను. తోటివాణ్ణి వెక్కిరిస్తే పిల్లల్లో ఒక్కడైనా ఇకిలించకుండా ఉంటాడా? ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ క్యాను వంకే చూస్తున్నారు.

మా వెనక నిలబడి గడ వేస్తున్న పడవాయన మధ్యవయసు మనిషి. మా పిల్లల పేర్లు గానీ, రానివాడి సంగతి గానీ ఆయనకేం తెలీదు. మెల్లిగా నాతో అన్నాడు.

"అమ్మగారూ, ముందు నిలబడ్డ ఆ తడిసిన బాబుని కూర్చోమనండి. పడిపోతాడు."

మా పిల్లల్లో తడిసినవాడు లేడు. నిలబడినవాడూ లేడు. నాకైతే క్యానే కనబడింది. ఎవరు బాబూ అని అడిగితే, ఆయన ఇంకోసారి తేరిపార చూసి, గడ బలంగా నొక్కి పడవని ఒడ్డు వైపు తిప్పేశాడు.

సాయంత్రం బస్సు దిగేసరికి హెడ్మాస్టరు గారు గేటు దగ్గరే ఉన్నారు. మైలవరం నుంచి కబురొచ్చిందట. ఆ పల్లె చివర ఇటుకల కోసం మట్టి తవ్విన గుంట ఉంది. అంతకుముందు పడ్డ అకాలవర్షం చెరువుకి చాలకపోయినా, ఆ గుంటలో మాత్రం నిండా నీళ్ళు నిలిచాయి. పొద్దున అక్కడ కొంగలు వాలాయి. కొల్లేరు ఎలాగూ లేదు, వీటినైనా చూస్తానని మేనమామ భార్యకి చెప్పి మరీ వెళ్ళాడు వేణు. గట్టు మీద మట్టి జారింది.

ఎన్ని గంటలకి పోయాడు, నేను ఎన్ని గంటలకి పిలిచాను అని తర్వాత చాలామంది అడిగారు. నేనేమీ గడియారం చూసుకోలేదు. రెండూ పొద్దుటి పూటే.

నరం లేని నాలుకలు ఊరికే ఉంటాయా? పంపొద్దని ఆవిడకి నూరిపోసిన అమ్మలక్కలే, కొల్లేరు పంపినా బతికేవాడు, చేతులారా చంపుకుందని అన్నారు. ఆవిడకి వినబడేలాగే అన్నారు.

పడవలో సంగతి కూడా పిల్లల నోట ఆవిడ చెవిన పడింది. దినాలయ్యాక ఓ పొద్దున, సరిగ్గా హాజరు వేళకి క్లాసు గుమ్మంలో నిలబడింది.

"మీరు పిలిస్తే పలికాడంటగా టీచర్ గారూ. నా ముందు ఒక్కసారి పిలవండి."

ఎవరో పిల్లలు ఆట పట్టించారని చెప్పబోయాను. ఆవిడ మొహం చూసి అది మానేసి, హాజరు పట్టీ తెరిచాను. పిలిచాను. పిల్లలు తలలు దించుకున్నారు. ఇంకోసారి పిలవమంది. పిలిచాను. తర్వాత ఆవిడ అడక్కుండానే మళ్ళీ పిలిచాను. దయ్యమో భూతమో, వాడు పలికితే బాగుండునని ఆ క్షణాన నాకే అనిపించింది.

పలకలేదు.

ఆవిడ ఏడవలేదు. పైట భుజం చుట్టూ కప్పుకుని, "నా మీద వాడికి కోపం తగ్గలేదండీ," అని వెళ్ళిపోయింది.

మర్నాడూ వచ్చింది. ఆ పైన రోజూ వచ్చింది. పిల్లలు జడుసుకుంటున్నారని హెడ్మాస్టరు గారు గేటు మూయించేదాకా వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు, హాజరు వేళకి గేటు బయట నిలబడి వినేది. నేను ఆ పేరు దగ్గరికి రాగానే దాటేసి కింది పేరు పిలిచేదాన్ని.

నీళ్ళ మీద గొంతులు చిత్రంగా ప్రయాణం చేస్తాయని, ఎండకి కళ్ళు మోసం చేస్తాయని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. పడవాయన అన్న మాటకి ఏ పాఠమూ అతకలేదు. సరే, అది పోనీయండి. నేనెరిగిన వేణు అంత కఠినుడు కాదు. పొరపాటున పిలిచిన నాకు పలికినవాడు, కన్నతల్లి గుమ్మంలో నిలబడి పిలిపిస్తే ఎందుకు పలకలేదో, అది మాత్రం నాకు ఈనాటికీ అంతుబట్టలేదు.